పోయినవాళ్ళ ఫోను

భోగాపురంలో ఒక దస్తావేజు లేఖరి స్మృత్యర్థం చేసిన ఉపన్యాసం, ముద్రణ పాఠం



లేఖరి గారి పేరు నా వెనక బ్యానరు మీద పెద్దక్షరాల్లో ఉంది. కానీ ఈ మండలంలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. నేనూ లేఖరి గారనే అంటాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఒక బల్ల, రెండు కుర్చీలు, చివరి రోజుల్లో ఒక కంప్యూటరు ఆయన ఆస్తి. విక్రయ దస్తావేజులు గబగబా రాసేసేవారు. తనఖాలూ అంతే. వీలునామా దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం ఆగిపోయేది. రాయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, "ఇంకేటైనా ఉందా, బాగా గుర్తు తెచ్చుకో" అని అడుగుతూనే ఉండేవారు. మెట్ట, పల్లం, కొబ్బరిచెట్లు, నూతిలో వాటా, ఇంటి వెనక దారి, ఎవరికో నోటు మీద ఇచ్చిన అప్పు, సొసైటీలో షేరు, ఇలా ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. ఆ ప్రశ్న ఇవాళ అడిగితే జవాబులో సగం ఫోనులో ఉంటుంది. మన వీలునామాల్లో ఆ సగానికి ఇంకా చోటు దొరకలేదు. ఈ సాయంత్రం నేను మాట్లాడేది దాని గురించే.

భోగాపురానికి ఇది పరాయి విషయం కాదు. 2015లో విమానాశ్రయం మాట మొదలైనప్పుడు 15 వేల ఎకరాలన్నారు. ఆందోళనలు, కోర్టులు అయ్యాక లెక్క 2,200 ఎకరాల చిల్లరకు దిగింది. ఆ రన్‌వే కింద పోయిన జీడితోటలు, సరుగుడుతోటలు లేఖరి గారికి హద్దులతో సహా నోటికి వచ్చు. తోటకు తూర్పున ఎవరు, పడమట ఏ గెడ్డ అని చెప్పగలిగిన రైతు పోయినా తోట కంటికి కనబడుతూనే ఉండేది. దాని బదులు వచ్చిన పరిహారం ఖాతాలో పడింది. ఖాతాలోంచి కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్టయింది, కొంత మ్యూచువల్ ఫండయింది, కొంత పట్నంలో చదివిన కుర్రాడి సలహా మీద షేర్లయింది. పాస్‌బుక్కు ప్రింటు వేయించడం మానేశారు. స్టేట్‌మెంటు ఈమెయిలుకు వస్తుంది. ఆ ఈమెయిలు ఏమిటో ఇంట్లో రెండో మనిషికి తెలీదు. భూమికి మీభూమి పోర్టల్‌లో అడంగల్ ఉంటుంది, గట్టు అవతల పక్క రైతు ఉంటాడు. డీమ్యాట్ ఖాతాకు పక్క రైతు ఉండడు.

ఉండకపోతే ఏమవుతుందో రిజర్వు బ్యాంకు లెక్కలే చెబుతాయి. పదేళ్ళు ఎవరూ కదపని డిపాజిట్లు బ్యాంకుల నుంచి డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి వెళ్ళిపోతాయి. 2024 మార్చి నాటికి ఆ నిధిలో 78,213 కోట్ల రూపాయలున్నాయి. అదంతా పోయినవాళ్ళ డబ్బేనని అనను. ఊరు మారి మరిచిపోయిన ఖాతాలు కూడా ఉంటాయి. వెతుక్కోవడానికి 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ కూడా పెట్టారు. కానీ వెతకాలంటే ముందు ఉందని అనుమానమైనా రావాలి కదా.

అంత పెద్ద అంకెలు వదిలేద్దాం. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా చూడండి. ఏడాదికి 436 రూపాయలు ఖాతాలోంచి దానంతటదే పోతుంది, మనిషి పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. సురక్షా బీమాకు 20 రూపాయలే, ప్రమాదంలో పోతే 2 లక్షలు. బ్యాంకులో ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టి మరిచిపోయినవాళ్ళు ఈ సభలోనే బోలెడుమంది ఉంటారు. పాలసీ బాండు ఇంటికి రాదు. చాలామందికి ఆ బీమా ఉందని గుర్తుచేసేది మే నెలాఖరులో వచ్చే ఒక ఎస్సెమ్మెస్ మాత్రమే. బ్యాంకులో పనిచేసిన రోజుల్లో నేను చూసిందేమిటంటే, పెద్దకర్మ అయ్యాక ఫోను ఫార్మాట్ చేయించి మనవడి చేతికి ఇచ్చేస్తారు. ఆ ఎస్సెమ్మెస్ కూడా దాంతోనే పోతుంది.

అన్నిటికన్నా ముందు సిమ్ గురించి చెప్పాలి. పాశ్చాత్య దేశాల్లో ఈ విషయం మీద రాసే వకీళ్ళు పాస్‌వర్డుల గురించి రాస్తారు. మన దగ్గర పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు, "ఫర్గాట్" నొక్కి ఓటీపీ తెచ్చుకోవడమే అలవాటు. బ్యాంకు, ఆధార్, డిజిలాకర్, గ్యాస్ బుకింగు, పీఎఫ్, అన్నిటికీ ఓటీపీ ఆ ఒక్క నంబరుకే వస్తుంది. మన అమ్మమ్మలు బొడ్డున దోపుకున్న తాళాల గుత్తి లాంటిది ఆ సిమ్. ఆవిడ పోతే గుత్తిని ముందు ఎవరు తీసుకున్నారన్నది ఇంట్లో అందరూ గమనించేవారు. సిమ్ సంగతి ఎవరూ గమనించరు. రీఛార్జి చేయరు. ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేయవచ్చు. తీసేశాక ఇంకో 90 రోజులు ఆగి వేరొకరికి ఇవ్వవచ్చు. ఏడాది తిరక్కుండానే మీ నాన్నగారి ఓటీపీలు ఏ ఊళ్ళోనో ముక్కూమొహం తెలియనివాడి జేబులో మోగుతాయి. అందుకని మనిషి పోయిన ఇంట్లో మొదటి పని సిమ్‌కు చిన్న రీఛార్జి చేయించడం, రెండోది మరణ ధ్రువపత్రం పట్టుకెళ్ళి ఆ నంబరును వారసుల పేరుకు మార్పించడం. మరణం నమోదుకు 21 రోజుల గడువు ఉందని అందరికీ తెలుసు. సిమ్‌కూ గడువు ఉందని తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సిమ్ బతికించుకోమన్నానని పిన్ కొట్టి డబ్బు తీసుకోమన్నట్టు కాదు. "మా నాన్న నాకు పిన్ చెప్పేడండి" అని ధీమాగా చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. చెప్పడం అభిమానం కావచ్చు, హక్కు మాత్రం కాదు. వీలునామా లేకపోతే, ఖాతాదారు కన్నుమూసిన క్షణం నుంచి ఆ డబ్బు వారసులందరిదీ అవుతుంది, అత్తారింట్లో ఉన్న కూతురితో సహా. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, కేంద్ర చట్టం 2005లో వచ్చింది. అప్పటి అన్నదమ్ములు పారీఖత్తులో చెల్లెలి పేరు వదిలేస్తే లేఖరి గారు కలం కింద పెట్టేసేవారు. ఇప్పటి అన్నదమ్ములు యూపీఐలో వదిలేస్తున్నారు, అడ్డుపడే లేఖరి ఉండడు. పైగా ఆ లావాదేవీ సెకన్లతో సహా నమోదవుతుంది. మరణ ధ్రువపత్రంలో తేదీ, స్టేట్‌మెంటులో తేదీ పక్కపక్కన పెడితే కేసుకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పిన్ కొట్టి తీసుకోవడం కన్నా నామినేషను తేలిక. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో డిపాజిట్టుకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంతో శాతం రాయవచ్చు. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో క్లెయిము తేల్చాలని, నామినీ లేకపోయినా వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా సులువు పద్ధతిలో ఇచ్చేయాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశించింది. 2026 మార్చి 31లోగా అమలు చేయమని గడువు కూడా పెట్టింది. అయితే నామినీ అంటే యజమాని అనుకోకండి. 1983లో శర్బతీ దేవి కేసులో అప్పటి బీమా చట్టం గురించి, 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో షేర్ల గురించి సుప్రీంకోర్టు ఒకే మాట చెప్పింది. నామినీ డబ్బు అందుకునే మనిషి, పంచాల్సింది వారసత్వ చట్టం ప్రకారమో వీలునామా ప్రకారమో.

ఇప్పుడు సముద్రం వైపు వెళ్దాం. ముక్కాం, చేపలకంచేరు వాళ్ళు ఈ సభలో ఉన్నారు. మన తీరం నుంచి ఏటా ఎంతమంది గుజరాత్ వెరావల్ బోట్ల మీదికి వెళతారో వాళ్ళకు తెలుసు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చారు. పదమూడు నెలల పైనే. ఇందాక చెప్పిన 90 రోజుల పక్కన ఆ పదమూడు నెలలు పెట్టి చూడండి. మనిషి బతికే ఉన్నాడు, భార్య ఎదురుచూస్తోంది, ఈలోపు అతని నంబరు చచ్చిపోవచ్చు.

వేటకు వెళ్ళి కబురే తెలియనివాళ్ళ సంగతి ఇంకా కష్టం. శవం దొరకదు కాబట్టి మరణ ధ్రువపత్రం రాదు. ఏడేళ్ళు కబురు లేకపోతేనే చనిపోయినట్టు కోర్టు భావిస్తుంది. పాత ఎవిడెన్స్ యాక్టులో ఉన్న ఆ నియమం 2023 నాటి కొత్త సాక్ష్య చట్టంలోకీ వచ్చింది. చట్టం ఏడేళ్ళు ఆగుతుంది. గూగుల్ రెండేళ్ళు ఆగుతుంది. రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాను ఫోటోలతో సహా తీసేస్తామని 2023లో ప్రకటించింది. వాట్సాప్ ఆగేది 120 రోజులు. సిమ్ సంగతి విన్నారు. పోయాడని చట్టం ఒప్పుకునేనాటికి అతను ఉన్నాడనే ఆనవాళ్ళన్నీ పోతాయి. ఈ గడువులను ఒకదానితో ఒకటి కలిపే నియమం మన దేశంలో లేదు. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అతి పెద్ద లోపం ఇదే. కోటీశ్వరుల క్రిప్టో గురించి పత్రికలు రాస్తాయి గానీ దీని గురించి ఎవరూ రాయరు. మరణమో, ఆచూకీ లేకపోవడమో నమోదైన నంబరును ఫలానా కాలం దాకా వేరొకరికి ఇవ్వకూడదని టెలికాం శాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. మత్స్యకార సంఘాలు డీజిల్ సబ్సిడీతో పాటు దీన్ని కూడా అడగాలి.

తీరం నుంచి ఒక తల్లి ఒకసారి కొడుకు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఆడి మాటుందంట కదా బాబూ ఇందుల, ఒక్కపాలి ఇనిపించండి" అంది. వాట్సాప్‌లో అతను పంపిన వాయిస్ మెసేజీల గురించి ఆవిడ అడిగింది. ఖాతాలో ఎంతుందని అడగలేదు. ఫోనుకు లాకు ఉంది, నంబరు అప్పటికే మరొకరి పేరు మీద వాడకంలో ఉంది. ఆస్తి అనే మాట వాడినప్పుడల్లా నాకు ఆవిడ గుర్తొస్తుంది. వారసత్వ ధ్రువపత్రంలో ఆవిడ అడిగినదానికి గడి లేదు.

వీలునామా సంగతికి వస్తాను. భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసినవారి సంతకమో వేలిముద్రో, దాన్ని చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. స్టాంపు అక్కర్లేదు. రిజిస్ట్రేషను ఇష్టమైతే చేయించుకోవచ్చు, తప్పనిసరి కాదు. ఇంత తేలిక పనిని మనవాళ్ళు అపశకునమని వాయిదా వేస్తారు, అది వేరే ఉపన్యాసం. ఫోనులో వీడియో తీసి "నా ఆస్తి ఫలానా వాళ్ళకి" అంటే చెల్లదు. ఐటీ చట్టం 2000లోనే వీలునామాను తన పరిధి నుంచి తప్పించింది, డిజిటల్ సంతకం కూడా పనికిరాదు. కంప్యూటరు ఆస్తి పంచాలన్నా కాగితం, సిరా, ఇద్దరు సాక్షులు కావలసిందే. లేఖరి గారికి ఇది తెలిసినప్పుడు ఆయన మొహంలో కనిపించిన తృప్తి ఇంతా అంతా కాదు.

మరి పాస్‌వర్డులు వీలునామాలో రాయించేయవచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వద్దు. రిజిస్టరైన వీలునామా సబ్ రిజిస్ట్రార్ దగ్గర మూడో పుస్తకంలోకి ఎక్కుతుంది. రాసినవారు బతికుండగా దాని నకలు వారికో వారి ఏజెంటుకో తప్ప ఎవరికీ ఇవ్వరు. పోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా ఇస్తారు. రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షన్ అది. అంటే మీ ఈమెయిలు పాస్‌వర్డు కొన్ని రూపాయల రుసుముతో ఎవరైనా కొనుక్కోవచ్చు. వీలునామాలో రాయాల్సింది మనిషి పేరు. నా ఫోను, నంబరు, ఈమెయిలు, వాటిలోని ఫోటోలు, ఖాతాల పని చక్కబెట్టే అధికారం ఫలానా వారికి ఇస్తున్నాను, వివరాలు వేరే కాగితంలో ఫలానా చోట ఉన్నాయి అంటే చాలు. ఆ కాగితం లాకర్లో పెట్టుకోవచ్చు. సీలు వేసిన కవరులో పెట్టిన వీలునామాను జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది, మన దగ్గర దాన్ని వాడేవాళ్ళు అరుదు. మారిపోయే పాస్‌వర్డులు రాసి లాభం లేదు. ఫోను లాకు, ఏయే బ్యాంకులు, ఏ డీమ్యాట్, ఏ ఈమెయిలు అన్నంతవరకు రాస్తే చాలు. అప్పులు కూడా రాయాలి. లోను యాప్‌ల వాళ్ళు కర్మ కాకముందే ఇంటిమీద పడతారు. తండ్రి ఆస్తి ఎంత సంక్రమిస్తే అంతవరకే పిల్లలు అప్పుకు బాధ్యులని వసూలుకు వచ్చిన కుర్రాళ్ళకు గట్టిగా చెప్పండి.

కంపెనీలు కూడా కొంత దారి ఇచ్చాయి. గూగుల్‌లో 2013 నుంచే ఒక ఏర్పాటు ఉంది. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల లోపు మీరు పెట్టిన గడువు దాటి ఖాతా కదలకపోతే, మీరు చెప్పినవాళ్ళకు, పదిమంది దాకా, కబురు వెళుతుంది, మీరు ఎంచినవి వాళ్ళకు అందుతాయి. ఆపిల్ 2021 చివర్లో అయిదుగురిని వారసులుగా పెట్టుకోనిచ్చింది. వాళ్ళకు ఒక తాళపు సంకేతం, మరణ ధ్రువపత్రం రెండూ ఉండాలి. ఫేస్‌బుక్ ఖాతాను స్మృతి ఖాతాగా మార్చుతుంది. వాట్సాప్‌కు అలాంటిదేమీ లేదు. డిజిలాకర్లో నామినీని పెడితే పోయినవారి షేర్లు, మ్యూచువల్ ఫండ్ల వివరాలు వాళ్ళు చూసుకునే వీలు 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది. మన డేటా రక్షణ చట్టం 2023లో 14వ సెక్షన్ మరణానికే కాక, మంచాన పడి మాట పోయిన స్థితికీ నామినీని అనుమతించింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు భాగాలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. జైల్లో ఉన్నవాళ్ళు, సముద్రంలో తప్పిపోయినవాళ్ళు అందులో లేరు.

పక్క ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1897లో విజయనగరం ఆనంద గజపతి సంతానం లేకుండా పోయారు. ఆ సంస్థానం వారసత్వం మీద దావా ఏళ్ళ తరబడి నడిచి రాజీతో ముగిసింది. ఆ ఏళ్ళలో గురజాడ అప్పారావు గారు ఆనంద గజపతి తోబుట్టువైన రీవా మహారాణికి ఆంతరంగిక కార్యదర్శి. కన్యాశుల్కం రాసిన చేయి ఆ వ్యాజ్యం కాగితాల్లో కూడా అరిగింది. వారసత్వ తగాదా ఎలా ఉంటుందో లోపలి నుంచి చూసిన మనిషి. 1915లో ఆయన పోయిన తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆయన డైరీలు, ఉత్తరాలు అచ్చుకెక్కాయి. అవి లేకపోతే గురజాడ మనకు సగమే తెలిసేవారు. అయినా వాటిని చదువుతున్నప్పుడల్లా, ఇది ఆయన మనకోసం రాసింది కాదు కదా అనిపిస్తుంది.

పోయినవారి సొంత రాతలు ఎవరు చదవవచ్చన్న ఈ ప్రశ్నే 2018లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. 2012లో బెర్లిన్‌లో పదిహేనేళ్ళ అమ్మాయి మెట్రో రైలు కింద పడి పోయింది. అది ప్రమాదమో, కావాలని చేసుకుందో తెలుసుకోవడానికి ఆమె ఫేస్‌బుక్ మెసేజీలు చూడనివ్వమని తల్లిదండ్రులు అడిగారు. డైరీలు, ఉత్తరాలు వారసులకు వెళ్ళినప్పుడు ఇవి ఎందుకు వెళ్ళకూడదని కోర్టు వాళ్ళవైపే తీర్పిచ్చింది. తల్లిదండ్రుల బాధ ముందు నేనేమీ అనలేను. కానీ ఆ అమ్మాయి స్నేహితురాళ్ళు తమ మనసు ఆమెతో చెప్పుకున్నారు, ఆమె అమ్మానాన్నలతో కాదు. అన్నీ వారసులకే వెళ్ళాలనే నియమం భూమికి సరిపోతుంది, మాటలకు సరిపోదు. ఏవి ఇవ్వాలో రాసినట్టే, ఏవి చూడకుండా తుడిచేయాలో కూడా వీలునామాలో రాసే హక్కు మనిషికి ఉండాలి. మన చట్టాల్లో ఇది స్పష్టంగా లేదు. అమెరికాలో 2015 నాటి నమూనా చట్టాన్ని చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి. ఖాతాదారు బతికుండగా ఏం చెప్పాడన్నదానికి అది పెద్దపీట వేస్తుంది. అక్కడున్న మన పిల్లలు ఇల్లు కొన్నప్పుడు వకీలు దగ్గర ఇవన్నీ రాయించుకుంటున్నారు, ఇక్కడున్న తల్లిదండ్రులను మాత్రం అడగడానికి మొహమాటపడతారు.

క్రిప్టో గురించి ఎవరైనా అడుగుతారేమో, ఒక్క మాట. క్వాడ్రిగా అనే కెనడా ఎక్స్ఛేంజి యజమాని 2018 డిసెంబరులో మన జైపూర్‌లోనే చనిపోయాడు. తాళాలన్నీ ఆయన ఒక్కడికే తెలుసు, డబ్బంతా అందులో చిక్కుకుందని గగ్గోలు పుట్టింది. తర్వాత దర్యాప్తులో తేలిందేమిటంటే ఆ డబ్బులో చాలా భాగాన్ని ఆయన బతికుండగానే పోగొట్టాడు.

చివరగా, ఇప్పటిదాకా పోయినవాళ్ళ ఖాతాల గురించే మాట్లాడాను. ఈ మండలంలో అంతకన్నా ఎక్కువ మందిని తాకేది బతికున్నవాళ్ళ ఖాతా. డ్వాక్రా అక్కచెల్లెళ్ళలో ఎంతమంది ఖాతాలకు సొంత నంబరు ఉంది? భర్తదో, పెద్దకొడుకుదో ఇస్తారు. "నాకు ఫోనెందుకు" అంటారు. ఆ భర్త పోతే, ఆ నంబరు ఆగిపోతే, ఆవిడ పింఛను, గ్రూపు డబ్బు, గ్యాస్ సబ్సిడీ, ఆధార్ అన్నిటి ఓటీపీ దాంతోనే పోతుంది. చనిపోయింది ఆయన, మూతపడింది ఆవిడ ఖాతా. అలాంటి వితంతువును కౌంటరు దగ్గర నిలబెట్టి "రిజిస్టర్డ్ మొబైల్ తెండి" అనడం నేను చూశాను.

దీనికి వీలునామా అక్కర్లేదు, నామినేషనూ అక్కర్లేదు. ఆవిడ పేరు మీద ఒక సిమ్ కావాలి. బ్యాంకు శాఖకు ఆవిడే వెళ్ళి నంబరు మార్పు ఫారం ఇస్తే ఖాతాకు ఎక్కుతుంది. ఆధార్‌కు మార్చడానికి ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేస్తే చాలు, వేరే పత్రాలు అడగరు. రుసుము 75 రూపాయలు. ఎవరి నంబరు ఎవరి ఖాతాకు ఉందో ఈ రాత్రి ఇళ్ళకు వెళ్ళి చూసుకోండి. అనుమానం ఉన్నవాళ్ళు సభ అయ్యాక ఇక్కడే ఉండండి, పుస్తకాలు చూసి చెబుతాను.